లెక్క ఎవరి ముందు చదవాలి? – ఉమ్మడి కరీంనగర్ జిల్లా సమాజాభివృద్ధి సంస్థల్లో పారదర్శకత, చేర్పు, రక్షణ

వ్యాససంగ్రహం

లాభాపేక్ష లేని సమాజాభివృద్ధి సంస్థల పనితీరును చర్చించేటప్పుడు పారదర్శకత, అందరినీ కలుపుకొనిపోవడం, బలహీనుల రక్షణ అనే మూడు విలువలను విడివిడిగా చెప్పడం పరిపాటి. ఉమ్మడి కరీంనగర్ జిల్లా, అందులో ముఖ్యంగా సారంగాపూర్, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల అనుభవాన్ని 1956 నుంచి 2023 వరకు పరిశీలిస్తే ఈ మూడూ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతున్నట్లు కనిపిస్తుంది. సంస్థ తన లెక్కను ఎవరి ముందు చదువుతోంది, విన్నవారికి దాన్ని కాదనే హక్కు ఉందా అన్నదే ఆ ప్రశ్న. గ్రామీణ స్త్రీని సభ్యురాలిగా, లబ్ధిదారుగా, ఖాతాదారుగా, పౌరురాలిగా చూసిన నాలుగు వ్యవస్థలను ఈ వ్యాసం పోల్చి చూస్తుంది.

కీలకపదాలు: స్వచ్ఛంద సంస్థలు, స్వయం సహాయక సంఘాలు, పరస్పర సహాయ సహకార సంఘాలు, సూక్ష్మరుణాలు, సామాజిక తనిఖీ, జవాబుదారీతనం.

1. ఉపోద్ఘాతం

సారంగాపూర్ మండలం 2016 అక్టోబరు 11 వరకు కరీంనగర్ జిల్లాలో భాగం. ఆ రోజున జగిత్యాల, రాజన్న సిరిసిల్ల ప్రత్యేక జిల్లాలుగా ఏర్పడ్డాయి. సారంగాపూర్ నుంచి బీర్‌పూర్ విడిపోయి కొత్త మండలమైంది. వరి, పసుపు, మొక్కజొన్న పండే పల్లెలు, గల్ఫ్ దేశాలకు వెళ్లిన మగవాళ్ల కుటుంబాలు, ఇంటింటా బీడీలు చుట్టే స్త్రీలు, సిరిసిల్లలో మరమగ్గాల కార్మికులు – ఇదీ ఈ ప్రాంతపు ఆర్థిక స్వరూపం. నెలవారీ జీతం లేని ఇళ్లలో అప్పు పుట్టించడం, తీర్చడం చాలావరకు స్త్రీల బాధ్యతగానే ఉంటూ వచ్చింది. అందువల్ల ఇక్కడ పనిచేసిన అభివృద్ధి సంస్థల చరిత్రలో పొదుపు, అప్పు, కూలి అనే మూడు లెక్కలకు ప్రధాన స్థానం ఉంది.

స్వచ్ఛంద సంస్థల చరిత్రను సాధారణంగా నిధుల రాక, పథకాల అమలు, లబ్ధి పొందినవారి సంఖ్య అనే కోణాల్లో రాస్తారు. సంస్థకూ ప్రజలకూ మధ్య ఉన్న చట్టబద్ధ సంబంధం ఆ రచనల్లో తరచుగా మరుగున పడుతుంది. ఆ సంబంధాన్ని కేంద్రంగా చేసుకుని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. లెక్క అడిగిన కాలం: 1978

ఈ ప్రాంతంలో లెక్క అడిగే సంప్రదాయం స్వచ్ఛంద సంస్థలతో మొదలుకాలేదు. 1978 సెప్టెంబరు 7న జరిగిన జగిత్యాల జైత్రయాత్రకు ముందూ తరువాతా రైతుకూలీ సంఘాలు వెట్టిచాకిరి, కూలి రేట్లు, బంజరు భూముల ఆక్రమణలతో పాటు మరో విషయాన్ని కూడా ముందుకు తెచ్చాయి. గ్రామ తగాదాలు తీర్చే పేరుతో దొరలు వసూలు చేసిన దండుగలను తిరిగి ఇవ్వాలన్నది ఆ కోరిక. ఎవరి దగ్గర ఎంత తీసుకున్నారో ఊరి నడుమ చెప్పించడమంటే అప్పటిదాకా ఎవరూ ప్రశ్నించని పెద్దరికాన్ని లెక్క చెప్పే స్థానంలో నిలబెట్టడమే.

అదే ఏడాది అక్టోబరులో ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ తరువాతి సంవత్సరాల్లో ఊళ్లో సంఘం పెట్టుకోవడమే అనుమానానికి కారణమైన పరిస్థితి ఏర్పడింది. 1980లలో డ్వాక్రా వంటి ప్రభుత్వ పథకాలు, స్వచ్ఛంద సంస్థలు సంఘం అనే మాటను మళ్లీ గ్రామంలోకి తీసుకువచ్చేటప్పటికి దాని అర్థం మారింది. హక్కును అడిగే సంఘం స్థానంలో సేవను అందుకునే సంఘం వచ్చింది. తరువాతి దశాబ్దాల చర్చకు ఈ మార్పే నేపథ్యం.

3. సభ్యురాలు: సహకార సంఘాల అనుభవం

ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో సభ్యుల చేతుల్లో నడిచిన సంస్థకు ప్రసిద్ధ ఉదాహరణ ముల్కనూరు. భీమదేవరపల్లి మండలంలోని ఈ గ్రామంలో 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి చొరవతో సహకార గ్రామీణ పరపతి సంఘం ఏర్పడింది. అప్పు ఇవ్వడంతో ఆగక ఎరువులు, విత్తనాలు, పంట అమ్మకం వరకు సంఘం తన పనిని విస్తరించుకుంది. 2000 దశకపు ఆరంభంలో అదే ప్రాంతపు స్త్రీలు స్వకృషి పేరుతో పాల ఉత్పత్తిదారుల సహకార సమాఖ్యను నిర్మించుకున్నారు. ముల్కనూరు ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉంది.

ముల్కనూరు విజయానికి నాయకుల నిజాయితీని కారణంగా చెప్పడం సహజం. అయితే చట్టం పాత్రను కూడా గమనించాలి. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం కింద పాలకవర్గాన్ని రద్దుచేసే, ఎన్నికలను వాయిదావేసే, పర్సన్ ఇన్‌చార్జిని నియమించే అధికారాలు ప్రభుత్వానికి ఉన్నాయి. ఈ పరిస్థితిలో సంఘం అధ్యక్షుడు సభ్యుల కంటే ముందుగా అధికారుల వైపు చూడటం నేర్చుకుంటాడు. సిరిసిల్లలో 1970లో పని ప్రారంభించిన విద్యుత్ సరఫరా సహకార సంఘం, అంటే స్థానికులు సెస్ అని పిలిచే సంస్థ, దేశంలో ప్రయోగాత్మకంగా ఏర్పాటైన ఐదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాలలో ఒకటి. కరెంటు వాడుకునేవారే సభ్యులు కావడం దాని విశిష్టత. సెస్ పాలకవర్గ ఎన్నికలు రాజకీయ పార్టీల బలపరీక్షలుగా మారడం సభ్యుల సంస్థలు ఎదుర్కొనే మరో చిక్కును చూపుతుంది.

హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన సహవికాస (కోఆపరేటివ్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్) ఈ పరిస్థితిని మార్చడానికి కృషిచేసింది. ఆ కృషి ఫలితాల్లో 1995 నాటి ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ముఖ్యమైనది. దేశంలో ఇటువంటి ఉదార సహకార చట్టాలలో ఇదే మొదటిది. ప్రభుత్వ వాటాధనం లేకుండా సభ్యుల సొమ్ముతో సంఘం నడవాలి. ఏటా ఆడిట్ జరగాలి, సర్వసభ్య సమావేశం ముందు లెక్కలు పెట్టాలి. ఈ పనులను సకాలంలో చేయని డైరెక్టర్లు తమ అర్హతను కోల్పోతారు.

వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో 1990ల నుంచి ఏర్పడిన మహిళా పొదుపు సహకార సంఘాలకు ఇదే పునాది. నష్టం వస్తే అది తమ పొదుపు నుంచే పోతుందని సభ్యురాలికి తెలుసు. ఈ కారణంగా సంఘం లెక్క ఆమెకు ఇంటిలెక్క అయింది. ఇక్కడ పారదర్శకత సంస్థ దయతో అందించే సమాచారంగా కాక, సొమ్ము యజమాని తన సొమ్మును చూసుకోవడంగా ఉంది.

4. లబ్ధిదారు: సొసైటీలు, విదేశీ విరాళాలు, వెలుగు

తెలంగాణ ప్రాంతంలోని స్వచ్ఛంద సంస్థలు చాలాకాలం నిజాం పాలనలో వచ్చిన 1350 ఫసలీ నాటి పబ్లిక్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదయ్యాయి. 2001లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం దాని స్థానాన్ని తీసుకుంది. ఏడుగురు కలిసి సంతకం చేస్తే సొసైటీ ఏర్పడుతుంది. చట్టం దృష్టిలో ఆ ఏడుగురూ, తరువాత చేరినవారూ సభ్యులు. సంస్థ సేవలను పొందే వందలాది కుటుంబాలకు అందులో స్థానం లేదు. వారు లబ్ధిదారులు మాత్రమే. వార్షిక సమావేశంలో లెక్క చదివితే వినేది సభ్యులే. నివేదిక వెళ్లేది రిజిస్ట్రారుకు, ఆదాయపు పన్ను శాఖకు, నిధులిచ్చిన సంస్థకు.

విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కూడా ఇదే దిశలో నడిచింది. 1976 నాటి చట్టం స్థానంలో 2010 చట్టం వచ్చి 2011 మే 1 నుంచి అమలైంది. 2020 సవరణ పరిపాలనా వ్యయ పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది. ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు బదిలీ చేయడాన్ని నిషేధించింది. ఈ నిబంధనల వల్ల రాజ్యానికి సంస్థలపై నిఘా పెరిగింది. గ్రామంలోని లబ్ధిదారుకు సంస్థను ప్రశ్నించే అవకాశం మాత్రం వీటివల్ల పెరగలేదు. పెద్ద సంస్థల నిధులపై ఆధారపడిన చిన్న స్థానిక సంస్థలకు ఆ దారి మూసుకుపోయింది.

ప్రభుత్వమే సొసైటీ రూపంలో ఏర్పాటుచేసిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) ఈ క్రమంలో మరో దశ. 2000లో ఆరు జిల్లాల్లో వెలుగు పేరుతో మొదలైన కార్యక్రమం రెండో దశలో కరీంనగర్‌తో సహా మిగిలిన గ్రామీణ జిల్లాలకు విస్తరించింది. అంతకుముందున్న డ్వాక్రా సంఘాలు దీనిలో కలిశాయి. సారంగాపూర్ మండలంలోని ఒక గ్రామ స్త్రీని ఉదాహరణగా తీసుకుంటే, ఆమె పది పదిహేను మంది సంఘంలో సభ్యురాలు. ఆ సంఘాలు కలిసి గ్రామ సమాఖ్య, గ్రామ సమాఖ్యలు కలిసి మండల సమాఖ్య, పైన జిల్లా సమాఖ్య. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, వాయిదా చెల్లింపు, పుస్తక నిర్వహణ అనే పంచసూత్రాలు సంఘం నాణ్యతకు కొలమానాలు.

ఈ నిర్మాణంలో స్త్రీ సభ్యురాలూ అయింది, లబ్ధిదారూ అయింది. నెలవారీ సమావేశంలో పుస్తకం చదివి వినిపించిన చోట ఆమె సభ్యురాలు. చదువు రాని సభ్యుల పుస్తకాన్ని బుక్‌కీపర్ ఇంటి దగ్గరే రాసి, సమావేశంలో వేలిముద్రలు మాత్రమే తీసుకున్న చోట ఆమె లబ్ధిదారు. 2004లో పావలావడ్డీ పథకం వచ్చాక బ్యాంకు లింకేజీ లక్ష్యాలు పెరిగాయి. లక్ష్యం పెరిగేకొద్దీ అధికారులు అడిగే ప్రశ్న ఎంత అప్పు ఇప్పించారు, ఎంత వసూలైంది అన్నదిగా మారింది. సమావేశంలో ఎవరు మాట్లాడారు, ఎవరు కాదన్నారు అనే విషయాలు ఏ నివేదికలోనూ గడిగా చేరలేదు.

5. ఖాతాదారు: సూక్ష్మరుణ సంక్షోభం

సంఘాలు నిర్మించిన పరస్పర నమ్మకాన్ని సూక్ష్మరుణ సంస్థలు వాడుకున్నాయి. వీటిలో పలు సంస్థలు మొదట సొసైటీలుగా, లాభాపేక్ష లేని సంస్థలుగా పుట్టి తరువాత బ్యాంకింగేతర ఆర్థిక కంపెనీలుగా మారినవే. మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో 1990ల చివర పని మొదలుపెట్టిన స్వయంకృషి సంఘం (ఎస్‌కేఎస్) 2010 ఆగస్టులో షేర్ మార్కెట్‌లోకి వెళ్లడం ఈ పరిణామానికి శిఖరం. లాభాపేక్ష లేని సంస్థ దగ్గరున్న విరాళాల సొమ్ము, సభ్యుల పేరిట ఏర్పడిన ట్రస్టుల ద్వారా కంపెనీ వాటాలుగా మారిన తీరును ఎం.ఎస్. శ్రీరామ్ వంటి పరిశోధకులు అదే సంవత్సరంలో ప్రశ్నించారు. సభ్యురాలి పేరు మీద ఉన్న వాటా గురించి సభ్యురాలికి ఏమి తెలుసన్నదే ఆ ప్రశ్నలోని సారం.

వడ్డీని చెప్పే భాషలోనే పారదర్శకత లోపించింది. పది వేల రూపాయల అప్పును 15 శాతం ఫ్లాట్ వడ్డీతో 50 వారాల్లో తీర్చాలంటే వారానికి 230 రూపాయలు కట్టాలి. అసలు ప్రతివారం తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి పది వేల మీదే లెక్కపడుతుంది. నిజానికి మిగిలి ఉన్న అసలు మీద లెక్కిస్తే ఏడాదికి సుమారు 30 శాతం, పల్లెభాషలో చెప్పాలంటే నెలకు నూటికి రెండున్నర రూపాయల వడ్డీ అవుతుంది. నూటికి రెండు రూపాయలు, మూడు రూపాయలు అని వడ్డీని పోల్చుకోవడం తెలిసిన స్త్రీకి 15 శాతం అనే మాట చౌకగా వినిపించింది. ఇందులో చెప్పిన అంకె అబద్ధం కాదు. విన్నవారికి అర్థమయ్యే లెక్కలో చెప్పకపోవడం వల్ల అది దాపరికమైంది.

వసూలు పద్ధతి రక్షణకు సంబంధించిన సమస్య. ఐదుగురు ఒకరికొకరు పూచీగా ఉండే బృందాల్లో ఒకరు కట్టలేకపోతే మిగిలినవారే ఆమె ఇంటి ముందు కూర్చోవలసి వచ్చేది. తోటి స్త్రీల స్నేహమే ఒత్తిడి సాధనంగా మారింది. ఒక సంస్థ వాయిదా కట్టడానికి మరో సంస్థ దగ్గర అప్పు తీసుకోవడం సాధారణమైంది. 2006లో కృష్ణా జిల్లాలో అధికారులు సూక్ష్మరుణ సంస్థల శాఖలను మూసివేయించినప్పుడే ఈ హెచ్చరిక వినిపించింది. 2010లో ఆత్మహత్యల వార్తలు రాష్ట్రవ్యాప్తంగా పత్రికల్లో వచ్చాయి. సెర్ప్ ఆ ఘటనల జాబితాను తయారుచేసింది. అప్పే కారణమన్న వాదనను సూక్ష్మరుణ రంగం అంగీకరించలేదు.

2010 అక్టోబరు 15న ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సు, దాని స్థానంలో 2011లో వచ్చిన చట్టం కొన్ని స్పష్టమైన రక్షణలను కల్పించాయి. సంస్థలు జిల్లాలో నమోదు కావాలి. వడ్డీ రేటును అందరికీ కనిపించేలా ప్రదర్శించాలి. మొత్తం వడ్డీ అసలును మించరాదు. హామీగా ఆస్తిని తీసుకోరాదు. వసూలు గ్రామపంచాయతీ కార్యాలయం వద్ద జరగాలి. ఈ చివరి నిబంధన చిన్నదిగా కనిపించినా దాని ప్రభావం పెద్దది. ఇంటి గడపలో ఒంటరిగా ఉన్న స్త్రీ మీద జరిగే ఒత్తిడి నలుగురు చూసే చోటుకు మారింది. మాలెగాం కమిటీ 2011 జనవరిలో నివేదిక ఇచ్చింది. ఆ తరువాత రిజర్వు బ్యాంకు ఈ కంపెనీలకు ప్రత్యేక నియమాలు రూపొందించింది.

ఉమ్మడి రాష్ట్ర చట్టం రిజర్వు బ్యాంకు నియంత్రణలోని బ్యాంకింగేతర ఆర్థిక కంపెనీలకు వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు తీర్పునిచ్చింది. నియంత్రణాధికారం ఎవరిదన్న న్యాయప్రశ్న దీనితో తేలింది. అయితే ఫిర్యాదు చేసే చోటు గ్రామపంచాయతీ నుంచి మళ్లీ దూరమైంది. 2011లో స్త్రీనిధి పేరుతో సమాఖ్యల సొంత రుణసంస్థ ఏర్పడటం ఈ సంక్షోభం నుంచి వచ్చిన నిర్మాణాత్మక ఫలితం.

6. పౌరురాలు: సామాజిక తనిఖీ

రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 నుంచి నడిపిన బహిరంగ విచారణలు ఖర్చుల పత్రాలను ఊరి ముందు చదివే పద్ధతిని దేశానికి పరిచయం చేశాయి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం ప్రారంభమైంది. మొదటి విడత జిల్లాల్లో కరీంనగర్ ఒకటి. చట్టంలోని 17వ సెక్షన్ గ్రామసభ ద్వారా సామాజిక తనిఖీని తప్పనిసరి చేసింది. ఉమ్మడి రాష్ట్రం 2009లో ఇందుకోసం ప్రత్యేక స్వతంత్ర సొసైటీని ఏర్పాటుచేసి మిగిలిన రాష్ట్రాలకు మార్గం చూపింది.

కూలీ కుటుంబాల యువతీయువకులు శిక్షణ పొంది, మస్టర్ రోల్స్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, రాసిన పనిదినాలనూ అందిన కూలినీ సరిచూస్తారు. ఫలితాలను గ్రామసభలో చదువుతారు. ఆపై మండల కేంద్రంలో ప్రజావేదిక జరుగుతుంది. చనిపోయినవారి పేర్లు, ఊళ్లో లేనివారి పేర్లు మస్టర్‌లో ఉన్నాయా అనే సంగతి గల్ఫ్ వలసలున్న ప్రాంతంలో మరింత కీలకం. దుబాయిలో ఉన్న మనిషి ఊరి చెరువులో పూడిక తీయలేడని అందరికీ తెలుసు. ఆ తెలిసిన సంగతికి సాక్ష్యపు విలువ లభించేది బహిరంగంగా చదివినప్పుడే.

సామాజిక తనిఖీకి పరిమితులున్నాయి. ఫర్జానా ఆఫ్రిది, వెగార్డ్ ఐవర్సన్ ఆంధ్రప్రదేశ్ తనిఖీ నివేదికలను పరిశీలించి, పదేపదే తనిఖీలు జరిగినా అక్రమాలు మొత్తంగా తగ్గలేదనీ, బాధ్యులపై కఠిన చర్యలు అరుదనీ చూపారు. అందువల్ల బహిరంగంగా చదవడం అవసరమే గాని అది మాత్రమే చాలదు. చదివిన తరువాత ఏమి జరిగిందో తిరిగి అదే సభకు చెప్పవలసిన బాధ్యత ఉండాలి.

7. వలయం బయట ఉన్నవారు

లెక్క చదివే సభలో లేనివారి సంగతి చేర్పుకు సంబంధించినది. క్రమం తప్పని పొదుపు సంఘానికి బలం. ప్రతి నెలా పొదుపు చేయలేని స్త్రీకి అదే అడ్డుగోడ. భర్త వీసా కోసం లక్షల్లో అప్పుచేసి, అతడు పని దొరకక తిరిగివస్తే, ఆ ఇంటి ఆడమనిషి సంఘంలో మొదట వాయిదా తప్పుతుంది, తరువాత సమావేశానికి రావడం మానుతుంది, చివరికి పేరు తీసివేయబడుతుంది. సంఘం రికవరీ శాతం బాగుంటుంది. అత్యంత అవసరమైన మనిషి మాత్రం బయట ఉంటుంది.

బీడీ కార్మికురాలి విషయంలో ఆధారపత్రమే గడప. 2014 తరువాత తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు ప్రకటించిన జీవనభృతికి భవిష్యనిధి ఖాతా అర్హతగా నిలిచింది. ఇంకొకరి పాసుబుక్కు మీద బీడీలు చుట్టే స్త్రీ పనిచేస్తుంది గాని కాగితం మీద కార్మికురాలు కాదు. జాబితా పూర్తిగా పారదర్శకంగా ఉండి కూడా అన్యాయంగా ఉండవచ్చునని ఈ ఉదాహరణ చెబుతుంది. జాబితాలో ఉన్నవారి పేర్లతో పాటు తిరస్కరించినవారి పేర్లను, కారణాలను కూడా చదవడం చేర్పుకు కనీస షరతు.

8. రక్షణ: చట్టం నుంచి ఆచరణ వరకు

2018లో హైతీలో ఆక్స్‌ఫామ్ సిబ్బంది ప్రవర్తనపై వెలువడిన వార్తల తరువాత సహాయ సంస్థల సొంత సిబ్బంది నుంచి ప్రజలను కాపాడే బాధ్యత ప్రపంచవ్యాప్త చర్చకు వచ్చింది. భారతదేశంలో దీనికి చట్టపరమైన పునాది అప్పటికే ఉంది. 1997 నాటి విశాఖ తీర్పును అనుసరించి వచ్చిన 2013 చట్టం, స్వచ్ఛంద సంస్థలు, ట్రస్టులు, సొసైటీలను కూడా పనిచేసే చోట్లుగా గుర్తిస్తుంది. పదిమంది లేదా అంతకుమించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. మిగిలిన ఫిర్యాదులకు జిల్లాస్థాయి స్థానిక కమిటీ ఉంది. ఫిర్యాదు చేసే స్త్రీ ఉద్యోగే కానవసరం లేదు. 2015 బాలల న్యాయచట్టం సంరక్షణ, రక్షణ అవసరమైన పిల్లలను ఉంచే సంస్థలకు నమోదును తప్పనిసరి చేసింది.

ఐదారుగురు సిబ్బందితో నడిచే పల్లె సంస్థలో వేధింపు జరిగితే బాధితురాలు జిల్లా కేంద్రానికి వెళ్లాలి. అప్పు మంజూరుచేసే మనిషి మీద, పేరు జాబితాలో చేర్చే మనిషి మీద ఫిర్యాదు చేయడం ఎంత కష్టమో ఊహించడం కష్టం కాదు. ఈ విషయంలో రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి బాలకార్మికులను బడికి తెచ్చిన ఎం.వి. ఫౌండేషన్ అనుభవం ఉపయుక్తం. పిల్లల రక్షణ బాధ్యతను సిబ్బందికే పరిమితం చేయక, బాలల హక్కుల పరిరక్షణ వేదికల రూపంలో గ్రామస్థులకు అప్పగించడం ఆ సంస్థ పద్ధతి. కాపాడవలసిన సంస్థనే గమనించే కళ్లు ఊళ్లో ఉండటం అక్కడి ప్రత్యేకత.

అయితే లెక్కకు, బాధకు ఒకే పద్ధతి పనికిరాదు. డబ్బు లెక్కను సభలో చదవాలి. బాధితురాలి పేరును సభలో చదవరాదు. ఫిర్యాదు గోప్యంగా ఉండాలి. ఫిర్యాదులు ఎన్ని వచ్చాయి, ఎన్ని ఎంతకాలంలో పరిష్కారమయ్యాయి అనే వివరం మాత్రం బహిరంగం కావాలి.

9. ముగింపు

ఆరు దశాబ్దాలకు పైబడిన ఈ అనుభవం నుంచి మూడు అంశాలను గ్రహించవచ్చు.

మొదటిది, సంస్థకూ స్త్రీకీ మధ్య సంబంధాన్ని సూచించే పేరు ఆమె హక్కును నిర్ణయించింది. సభ్యురాలికి ఓటు, పౌరురాలికి గ్రామసభ ఉన్నాయి. లబ్ధిదారుకు, ఖాతాదారుకు దూరంలోని అధికారి మాత్రమే మిగిలాడు.

రెండవది, నిబంధనల సంఖ్య పెరగడం వల్లనే రక్షణ పెరగలేదు. సర్వసభ్య సమావేశం, గ్రామపంచాయతీ ఆవరణ, ప్రజావేదిక వంటి చోట్ల నలుగురి ఎదుట వ్యవహారం నడిచినప్పుడే నిబంధనకు బలం వచ్చింది.

మూడవది, సభలోకి రాలేకపోయినవారిని వెదికి తీసుకురాని పారదర్శకత ఉన్నవారి మధ్యనే తిరుగుతుంది.

సొసైటీల చట్టంలో సేవలు పొందేవారికి స్థానం లేకపోవడం ఇప్పటికీ కొనసాగుతున్న లోపం. సంస్థ పనిచేసే ప్రతి గ్రామంలో ఏటా ఒకసారి, స్థానిక తెలుగులో, వచ్చిన నిధి, ఖర్చు, చేరినవారు, తిరస్కరించినవారు, వచ్చిన ఫిర్యాదుల సంఖ్య చదివి వినిపించడాన్ని తప్పనిసరి చేయడం ఈ దిశలో ఆచరణసాధ్యమైన మార్పు. ఇందుకు కావలసిన నైపుణ్యం సారంగాపూర్ వంటి మండలాలకు కొత్తది కాదు. సంఘం పుస్తకాలు రాసిన స్త్రీలకు, మస్టర్లు సరిచూసిన యువతకు అది అలవాటైనదే. ఆ నైపుణ్యానికి చట్టబద్ధమైన అధికారం ఇవ్వడమే మిగిలి ఉంది.